కాకిబంగారం పొరలు పొరలుగా ఎందుకు ఊడుతుంది?

మొన్న మా పాత ఇస్త్రీపెట్టె విప్పితే లోపల వేడెక్కే నిక్రోమ్ లోహపు పట్టీ చుట్టిన కాకిబంగారం, అంటే అభ్రకం రేకు కనిపించింది. మా మేనకోడలు దాని అంచున గోరు పెట్టి లాగింది. ఒక పొర లేచొచ్చింది. మళ్లీ లాగితే ఇంకొకటి. "ఇలా ఎన్ని వస్తాయి మామయ్యా?" అంది.

అణువుల లెక్కలో ఒక్కో పొర మందం సుమారు ఒక నానోమీటరు. అంటే ఒక మిల్లీమీటరు రేకులో దాదాపు 10 లక్షల పొరలు!

ఆత్రేయపురం పూతరేకును తలుచుకోండి. అభ్రకంలో ఒక్కో రేకు మళ్లీ మూడు అంతస్తులు: పైనా కిందా సిలికాన్, ఆక్సిజన్ల వల, మధ్యలో అల్యూమినియం. ఆ వలలో ప్రతి నాలుగు సిలికాన్ స్థానాల్లో ఒకదాంట్లో అల్యూమినియం కూర్చుంటుంది. సిలికాన్‌కు నాలుగు ధనావేశాలు, అల్యూమినియానికి మూడే. ఆ ఒక్క లోటు తీర్చడానికి రేకుల మధ్యకు పొటాషియం వస్తుంది, పూతరేకుల మధ్య బెల్లం పొడిలాగా. ఉన్నది ఒకే ఆవేశం, చుట్టూ 12 ఆక్సిజన్లు. అంతమందికి పంచితే ఒక్కొక్కరికి దక్కేదెంత? అందుకే గోటికే ఊడుతుంది.

బలపం రాయిలో ఈ మార్పిడే లేదు. లోటు లేదు, పొటాషియం లేదు. రేకులు జారిపోతాయి, పలక మీద పొడై అంటుకుంటాయి. మార్గరైట్ అనే ఖనిజంలో లోటు రెండు, మధ్యలో రెండు ఆవేశాల కాల్షియం. పట్టు బిగిసిపోయి, వంచితే పుటుక్కున విరుగుతుంది. మన అభ్రకం మాత్రం వంచి వదిలితే స్ప్రింగులా వెనక్కొస్తుంది. సున్నా, ఒకటి, రెండు: ఇంత చిన్న లెక్కలో మూడు రాళ్ల స్వభావం ఉందంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అభ్రం అంటే మేఘం. ఇంద్రుడి వజ్రాయుధం నుంచి రాలిన నిప్పురవ్వలే అభ్రకమైందని పాత కథ. నిజానికి పుట్టేది భూగర్భంలో. శిలాద్రవం చల్లారే చివరి దశలో నీరు ఎక్కువగా ఉన్న ద్రవం మిగులుతుంది. అందులో అణువులు సులువుగా కదిలి పెద్ద పెద్ద స్ఫటికాలు కడతాయి. గూడూరు, సైదాపురం గనుల్లోని ఆకుపచ్చ ఛాయ అభ్రకం అలా వచ్చిందే.

"అభ్రకం విద్యుత్ బంధకం" అని బడిలో బట్టీ పట్టిస్తారు, ఒక్క ముక్క చేతికివ్వరు. ఇవ్వాలి. ఎలక్ట్రాన్లన్నీ బంధాల్లో ఇరుక్కుని ఉంటాయి కాబట్టి కరెంటు పారదు. 500 డిగ్రీల వేడికీ చెక్కుచెదరదు.

పొరలు ఊడిన రేకును మళ్లీ ఇస్త్రీపెట్టెలో పెట్టనివ్వలేదు. పలచబడ్డ చోట పట్టీ ఇనుముకు తగిలితే షాక్ కొడుతుంది. కొత్త ఎలిమెంట్ వేయించాను. పాత రేకు మేనకోడలి పెన్సిల్ బాక్సులో ఉంది.