క్యాంపస్‌లో లో-కార్బన్ ప్రాజెక్టులు: జనంతో పనిచేయడం గురించి అపోహలు - వాస్తవాలు

భవనాలను వేడి చేసే బొగ్గు, గ్యాస్ బాయిలర్లను వదిలించుకోవాలని చాలా యూనివర్సిటీలు నిర్ణయించుకున్నాయి. వాటి స్థానంలో భూమి లోపలి వేడిని వాడుకునే జియోథర్మల్ బోర్లు, వేడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే పెద్ద హీట్ పంపులు, సోలార్ ప్యానెళ్లు వస్తున్నాయి. ఇలాంటి ప్రాజెక్టుల్లో విద్యార్థులతో, క్యాంపస్ చుట్టుపక్కల ఉండేవాళ్లతో మాట్లాడటం, వాళ్ల మాటను డిజైన్ చేసేవాళ్ల దాకా చేర్చడం నా పని. యాజమాన్యాల నోట, ఒక్కోసారి ఇంజనీర్ల నోట నేను పదేపదే వినే అపోహలు ఇవి.

అపోహ: బాగా వివరిస్తే చాలు, జనం ఒప్పుకుంటారు.

వివరించాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ మీటింగుకు వచ్చినవాళ్లు అడిగేది వాతావరణ మార్పు గురించి కాదు. రిగ్ రాత్రిళ్లు కూడా నడుస్తుందా? లారీలు ఏ దారిన వస్తాయి? మా బావి నీళ్లకు ఏమైనా అవుతుందా? లాభం యూనివర్సిటీకి అయితే దుమ్ము, చప్పుడు మాకెందుకు? ఈ చివరి ప్రశ్నకు ఎంత మంచి స్లైడ్ చూపించినా జవాబు దొరకదు. ప్రాజెక్టులోనే వాళ్లకూ ఏదో ఒకటి ఉండాలి. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో 2023లో రెండు కిలోమీటర్లకు పైగా లోతున జియోథర్మల్ బావులు తవ్వారు. ఆ వేడిని క్యాంపస్‌తో పాటు నగరంలోని ఇళ్లకు కూడా అందించాలన్నది ప్రణాళికలో భాగం. అక్కడ ఊరివాళ్లతో మాట్లాడేటప్పుడు చెప్పడానికి ఒక విషయం ఉంది. మిగతాచోట్ల కరపత్రాలే మిగులుతాయి.

అపోహ: అభ్యంతరం చెప్పేవాళ్లకు సైన్స్ తెలియదు, "మా వీధిలో వద్దు" అనడమే వాళ్ల పని.

నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే మాట ఇది. జియోథర్మల్ అనగానే భూకంపం వస్తుందా అని అడిగేవాళ్లను చూసి నవ్వే నిపుణులు ఉన్నారు. ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం కింద, దాదాపు 5 కిలోమీటర్ల లోతులోని రాతిలోకి 2006 డిసెంబరులో అధిక పీడనంతో నీళ్లు పంపినప్పుడు 3.4 తీవ్రతతో భూమి కంపించింది. ప్రాజెక్టును ఆపేశారు, తర్వాత పూర్తిగా వదిలేశారు. దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో 2017 నవంబరులో వచ్చిన 5.5 తీవ్రత భూకంపంలో వంద మందికి పైగా గాయపడ్డారు. అక్కడి జియోథర్మల్ ప్రాజెక్టులో నీళ్లు పంపడమే దాన్ని ప్రేరేపించిందని ప్రభుత్వం నియమించిన నిపుణుల బృందం 2019లో తేల్చింది.

కాబట్టి ముందు ఆ రెండు సంఘటనలనూ మనమే చెప్పాలి. తర్వాతే తేడా చెప్పాలి: వంద, రెండు వందల మీటర్ల బోర్లలో మూసి ఉన్న పైపుల్లో ద్రవం తిరుగుతూ ఉంటుంది, అది రాతిలోకి పోదు, రాతిని పగలగొట్టే పీడనమూ ఉండదు. లోతైన బావి అయితే లెక్క వేరు. అప్పుడు డ్రిల్లింగ్‌కు చాలా ముందే భూకంప మాపకాలు పెట్టి సహజంగా వచ్చే ప్రకంపనలను నమోదు చేయాలి, ఏ తీవ్రత దాటితే పని ఆపుతారో రాసి అందరికీ ఇవ్వాలి. ఆ అంకె ముందే చేతిలో ఉన్నవాళ్లు అడిగే ప్రశ్నలు ఎంతో పదునుగా ఉంటాయి. ఇంజనీర్లకూ అవే పనికొస్తాయి.

అపోహ: విద్యార్థులు ఎలాగూ మనవైపే ఉంటారు.

పర్యావరణం మీద ప్రేమ ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు. అయినా పరీక్షల వారంలో హాస్టల్ కిటికీ పక్కన డ్రిల్లింగ్ మొదలైతే వాళ్లకు టెన్షన్ రాకుండా ఉంటుందా? అమెరికాలోని బాల్ స్టేట్ యూనివర్సిటీ బొగ్గు బాయిలర్లను మూసేయడానికి 2009లో పని మొదలుపెట్టి క్యాంపస్‌లో సుమారు 3,600 బోర్లు వేసింది. ఇలాంటి వ్యవస్థ పూర్తయ్యాక కంటికి కనిపించదు, చెవికి వినిపించదు. పూర్తయ్యేలోపు మాత్రం మైదానాలు, నడిచే దారులు, పార్కింగ్ స్థలాలు వంతులవారీగా మూతపడుతూనే ఉంటాయి. పరీక్షల క్యాలెండర్‌ను కాంట్రాక్టులోనే రాయించాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇంకో చిక్కు కాలానిది. విద్యార్థి ఉండేది మూడు నాలుగేళ్లు, ప్రాజెక్టుకు పదేళ్లు దాటుతుంది. డెల్ఫ్ట్ బావి ఆలోచనను మొదలుపెట్టింది అక్కడి విద్యార్థులే. రిగ్ వచ్చేసరికి ఒకటిన్నర దశాబ్దం గడిచింది. మధ్యలో ఎన్ని బ్యాచ్‌లు వెళ్లిపోయాయో ఆలోచించండి. విద్యార్థి సంఘంతో ఒక్కసారి మాట్లాడి "సంప్రదించాం" అని రాసుకుంటే, రెండేళ్ల తర్వాత ఆ మాట గుర్తున్నవాళ్లే క్యాంపస్‌లో ఉండరు. ఏం అడిగారు, ఏం ఒప్పుకున్నాం, ఏది ఎందుకు కుదరలేదు అన్నది ఒక రిజిస్టరులా రాసి ప్రతి కొత్త బ్యాచ్‌కు అప్పగించాలి.

అపోహ: లైట్లు ఆపేయమని చెప్పడమే విద్యార్థుల భాగస్వామ్యం.

కాదు. చలి ప్రాంతాల్లోని క్యాంపస్‌లలో భవనాలను వేడి చేయడానికి అయ్యే ఇంధనం ముందు లైట్ల ఖర్చు చిన్నది. మీటర్ల డేటాను విద్యార్థుల చేతికి ఇవ్వండి. డ్రిల్లింగ్‌కు ముందు భూగర్భజల నమూనాలు తీయడం, చప్పుడు కొలవడం, భవనాల వారీగా వేడి నష్టం లెక్కగట్టడం లాంటివి నిజమైన థీసిస్ పనులు. వాటికి క్రెడిట్లో స్టైపెండో ఉండాలి. ఉచిత శ్రమకు భాగస్వామ్యం అని పేరు పెట్టకూడదు.

అపోహ: అనిశ్చితి గురించి చెబితే జనం భయపడతారు.

దాచి, తర్వాత బయటపడితే ఇంకా ఎక్కువ భయపడతారు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ 2022లో దాదాపు 3 కిలోమీటర్ల లోతుకు వేసిన బోరు అన్వేషణ కోసం. కింద ఎంత వేడి ఉంది, రాయి ఎలాంటిది అని తెలుసుకోవడమే దాని లక్ష్యం. అలాంటి బోరును మొదటి రోజు నుంచీ "పరీక్ష బోరు" అనే పిలవాలి. అప్పుడు ఫలితం ఆశించినట్టు రాకపోయినా అది ఎవరి పరువు సమస్యా కాదు.

అపోహ: ఎక్కువ సంతకాలు, ఎక్కువ లైకులు వస్తే సంప్రదింపులు బాగా జరిగినట్టే.

డిజైన్‌లో ఏం మారిందో చూపించండి. ఏమీ మారకపోతే అది ప్రచారమే.

అపోహ: డిజైన్ ఖరారయ్యాక జనం దగ్గరికి వెళ్తే గందరగోళం ఉండదు.

పర్యావరణ నిర్ణయాల్లో ప్రజల భాగస్వామ్యం గురించి 1998లో కుదిరిన ఆర్హుస్ ఒప్పందం దీనికి సరిగ్గా ఎదురు చెబుతుంది: ప్రత్యామ్నాయాలన్నీ ఇంకా తెరిచి ఉన్నప్పుడే జనాన్ని పిలవాలి. ఆ ఒప్పందంలో చేరిన దేశంలో కాకపోయినా నేను పాటించే సూత్రం ఇదే. మొదటి మీటింగులోనే రెండు జాబితాలు పెడతాను. ఇప్పటికే నిర్ణయమైపోయినవి ఒకటి, ఇంకా మార్చగలిగేవి ఇంకొకటి. రెండో జాబితా ఖాళీగా ఉంటే ఆ మీటింగ్ పెట్టకపోవడమే మర్యాద.

అపోహ: క్యాంపస్ అంటే విద్యార్థులు, అధ్యాపకులు.

బాయిలర్ హౌస్‌లో షిఫ్టులు చేసేవాళ్లు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, హాస్టల్ సిబ్బంది ఈ లెక్కలో కనిపించరు. బాయిలర్లు మూసేస్తారన్న వార్త వాళ్లకు ముందుగా ఉద్యోగం గురించిన ప్రశ్న. దానికి రాతపూర్వకంగా జవాబివ్వకుండా కార్బన్ గురించి మాట్లాడటం తప్పు. పైగా ఆవిరి నుంచి తక్కువ ఉష్ణోగ్రత వేడినీళ్లకు మారేటప్పుడు ఏ భవనంలో ఏ గది ఎప్పుడూ వేడెక్కదో, ఏ వాల్వ్ డ్రాయింగులో లేకుండా గోడ వెనక ఉందో వాళ్లకే తెలుసు. వాళ్లను ప్రారంభోత్సవానికి కాకుండా మొదటి డిజైన్ సమీక్షకు పిలవండి. ఆ సమీక్షను వాళ్ల షిఫ్ట్ టైములోనే పెట్టి, కూర్చున్న గంటలకు జీతం ఇవ్వండి.