బలిపీఠం దగ్గర భద్రత: ప్రతి దాడి తర్వాత మారుతూ వచ్చిన కాపలా కథ

1170 డిసెంబర్ 29 సాయంత్రం ఇంగ్లండ్‌లోని కాంటర్బరీ కెథడ్రల్‌కు నలుగురు నైట్లు (రాజు కొలువులోని యోధులు) ఆయుధాలతో వస్తున్నారని తెలిసి సన్యాసులు తలుపులు మూయబోగా, ప్రార్థనాలయాన్ని కోటగా మార్చడం తగదంటూ ఆర్చ్‌బిషప్ థామస్ బెకెట్ వారిని వారించారు. కొద్దిసేపటికే ఆయన ఆ ఆలయంలోనే కత్తివేట్లకు బలయ్యారు. మతపెద్దల భద్రతపై నేటికీ తెగని చర్చ మూలాలు ఆ తలుపు దగ్గరే ఉన్నాయి. పాలకుడు జనానికి దూరంగా ఉండి కూడా పాలించగలడు. చేయి తలపై ఉంచి దీవించాల్సిన బిషప్‌కు ఆ వీలు లేదు.

రోమ్‌లో కాపలా వ్యవస్థ పాతదే. 1506లో పోప్ రెండవ జూలియస్ కాలంలో పోప్‌కు కాపలా కాసే స్విస్ సైనికుల దళం, స్విస్ గార్డు ఏర్పడింది. 1527 మే 6న శత్రుసేనలు రోమ్‌ను కొల్లగొట్టినప్పుడు 189 మంది గార్డుల్లో 147 మంది పోరాడుతూ చనిపోగా, మిగిలిన 42 మంది పోప్ ఏడవ క్లెమెంట్‌ను గోడపై కట్టిన రహస్య మార్గం గుండా సాన్‌తాంజెలో కోటకు చేర్చారు. కొత్తగా చేరేవారు సాధారణంగా ఏటా ప్రమాణం చేసేది ఆ తేదీనే. అయితే ఆనాటి ముప్పు ఎదురుగా నిలిచిన సైన్యం. ఆధునిక కాలంలో ముప్పు గుంపులో కలిసిపోయి ఉండే ఒంటరి మనిషి నుంచి వస్తోంది.

ఆ మార్పును దేశాధినేతల రక్షకులు ముందుగా చవిచూశారు. 1901లో అమెరికా అధ్యక్షుడు మెకిన్లీతో కరచాలనం కోసం వరుసలో నిలిచిన వ్యక్తి, చేతికి చుట్టిన రుమాలు కింద తుపాకీ దాచి కాల్చాడు. ఆ తర్వాతే అధ్యక్షుడి రక్షణ సీక్రెట్ సర్వీస్ పూర్తికాల బాధ్యత అయింది. 1963లో కెన్నెడీ పైకప్పు లేని కారులో హతులయ్యారు. పదిహేడేళ్లు దాటాక కూడా పోప్ పైకప్పు లేని వాహనంలోనే జనంలోకి వెళుతుండటం చూస్తే, ఒకచోట నేర్చిన పాఠం మరోచోటికి చేరడానికి ఎంత కాలం పడుతుందో తెలుస్తుంది.

1981 మే 13 సాయంత్రం వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చౌకులో పోప్ రెండవ జాన్ పాల్ ఒక చిన్నారిని ఎత్తుకుని తల్లిదండ్రులకు తిరిగి అందించిన కొన్ని క్షణాలకే, కొద్ది మీటర్ల దూరం నుంచి మెహ్మెత్ అలీ ఆజా అనే టర్కీ దేశస్థుడు కాల్పులు జరిపాడు. ఒక తూటా పొట్టలో దిగింది, ఎడమ చేతి వేలికీ గాయమైంది; జనంలో నిలబడిన ఇద్దరు మహిళలు కూడా గాయపడ్డారు. జెమెల్లీ ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు అయిదు గంటలకు పైగా పట్టింది. పోప్ విదేశీ పర్యటనల్లో బుల్లెట్‌ప్రూఫ్ అద్దాల వాహనం సాధారణ దృశ్యమైంది ఆ తర్వాతే.

అద్దం ఆపలేని ముప్పు మరొకటి ఉంది. 1970లో మనీలా విమానాశ్రయంలో పోప్ ఆరవ పాల్‌పై కత్తితో దాడి చేసిన వ్యక్తి ఫాదర్ వేషంలో వచ్చాడు. 1982లో పోర్చుగల్‌లోని ఫాతిమాలో రెండవ జాన్ పాల్‌పై బయొనెట్‌తో (తుపాకీకి తగిలించే కత్తితో) దూసుకొచ్చినవాడు నిజంగానే ఫాదర్. పరిచితమైన దుస్తులే లోపలికి అనుమతి పత్రమయ్యాయి. 1984లో ఇందిరాగాంధీ విషయంలోనైతే కాల్చింది అంగరక్షకులే.

భద్రతను తామే వద్దన్నవారి సంగతి ఇంకా కష్టమైనది. మధ్య అమెరికా దేశం ఎల్ సాల్వడోర్‌లో ఆర్చ్‌బిషప్‌గా ఉన్న ఆస్కార్ రొమేరో, ప్రభుత్వం రక్షణ ఇస్తానన్నప్పుడు తనకంటే ముందు తన ప్రజలకు భద్రత కావాలని బహిరంగంగానే చెప్పారు. 1980 మార్చి 24న శాన్ సాల్వడోర్‌లోని ఒక ఆసుపత్రి ప్రార్థనాలయంలో పూజ జరుపుతుండగా, వాకిట ఆగిన కారులోంచి వచ్చిన ఒక్క తూటాకు ఆయన బలిపీఠం దగ్గరే కూలిపోయారు. ఆ మాటను మొండితనమని కొట్టిపారేయడం నాకు న్యాయంగా తోచదు. అయితే ఆయన వద్దన్నంత మాత్రాన తలుపు దగ్గర ఎవరూ నిఘా ఉంచకూడదని కాదు.

అద్దాల వాహనాన్ని సార్డీన్ చేపల డబ్బాతో పోల్చిన పోప్ ఫ్రాన్సిస్ దాన్ని చాలావరకు పక్కన పెట్టారు. అప్పుడు భారమంతా ముందస్తు సమాచారంపై పడుతుంది. ఆ సమాచారం విలువను 2009 క్రిస్మస్ పూజ చాటింది: బారికేడ్ దూకి పదహారవ బెనెడిక్ట్‌ను కిందికి లాగిన మహిళ, ఏడాది ముందు అదే పూజలో అదే ప్రయత్నం చేసి పట్టుబడిన వ్యక్తే. ఆ గందరగోళంలో పడిపోయిన ఒక వృద్ధ కార్డినల్‌కు తుంటి ఎముక విరిగింది.

ఇంతటి యంత్రాంగం లేని చర్చిలే ప్రపంచంలో ఎక్కువ. 2024 ఏప్రిల్ 15న సిడ్నీ శివారు వేక్లీలో బిషప్ మార్ మారి ఇమ్మానుయేల్ ప్రసంగిస్తుండగా ఒక బాలుడు బలిపీఠం దాకా నడిచి వెళ్లి కత్తితో పొడిచాడు. ఆరాధన ప్రత్యక్ష ప్రసారమవుతున్నందున దాడిని ఎందరో చూస్తుండగానే అంతా జరిగిపోయింది. బిషప్ ఒక కంటి చూపు కోల్పోయారు. దాడి చేసిన బాలుణ్ణి క్షమించానని ప్రకటించి, ఆ నెలాఖరుకే కంటికి కట్టుతో మళ్లీ విశ్వాసుల ముందు నిలబడ్డారు.