ఆది జాకెట్టు మరచిపోకండి

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య దీవెనలు. ఈసారి క్రిస్మస్‌కు ఎవరు ఏం వేసుకోవాలన్న విషయంలో మీ ముగ్గురికీ పదిరోజులుగా వాదన తెగడం లేదని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పెద్దమ్మాయి మొట్టమొదటిసారి తెల్లచీర కట్టుకుంటానంటోందట, చిన్నమ్మాయికి ఎర్రగౌను కావాలట, అబ్బాయి ‘నాకేదైనా ఒకటే’ అంటూనే జింకబొమ్మ ఉన్న ఊలు స్వెట్టరొకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడట. తెనాలి పక్క పల్లెలో నలభై రెండేళ్లు కుట్టుమిషను తొక్కినవాడిని గనుక, మీరు అడగకపోయినా నాలుగు మాటలు మీ చెవిన వేయాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ఊళ్లో క్రిస్మస్‌కూ సంక్రాంతికీ నడుమ ఇరవై రోజులే ఎడం కాబట్టి, డిసెంబరు మొదలైందంటే మా దుకాణంలో నేలమీద అడుగుపెట్టే చోటుండేది కాదు. అప్పట్లో ఒక ఇంటికి ఒక మనిషికి ఒక జతే కుట్టించేవారు; ఆ జతే క్రిస్మస్ ఉదయం ఆరాధనకు, అదే డిసెంబరు 31 రాత్రి కొత్త సంవత్సరపు ప్రార్థనకు, మళ్లీ ఎవరిదైనా పెళ్లి వస్తే దానికీ పనికిరావాలి. ఇప్పుడు పండగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్‌కు ఒకటి, క్యారల్స్‌కు ఒకటి, ఇరవై నాలుగు రాత్రికి ఒకటి, మర్నాటికి ఒకటి అంటున్నారు. నేను దాన్ని తప్పుపట్టను, ఎందుకంటే జతలు కుట్టిన డబ్బుతోనే మీ అమ్మ చదువు సాగింది. కానీ జతలు పెరిగేకొద్దీ బట్ట ఎన్నుకునేటప్పుడు ఆలోచన తగ్గిందని మాత్రం నా అభిప్రాయం. బట్ట అద్దంలో ఎలా కనిపిస్తుందన్నది రెండో సంగతి. ఆ రోజు మీరు చేయబోయే పనులన్నిటికీ ఆ బట్ట తట్టుకుంటుందా లేదా అన్నదే మొదటి సంగతి.

ఆ పనులేమిటో ఒకసారి తలచుకోండి. ఇరవై నాలుగు రాత్రి కొవ్వొత్తులు పట్టుకుని వరసగా నిలబడతారు. నైలాను, పాలియెస్టరు బట్టకు నిప్పు తగిలితే అది కరిగి ఒంటికి అతుక్కుంటుంది. నూలుబట్టా కాలుతుంది గానీ అలా కరిగి పట్టుకోదు. అందుచేత ఆ రాత్రికి జారే ఓణీలు, గాలికి ఎగిరే నెట్టు చున్నీలు వద్దు, చీరైతే పైట భుజం దగ్గర పిన్ను పెట్టి గట్టిగా నిలవాలి. మర్నాడు తెల్లవారుజామున ఆరాధనకు మన ఊరి మందిరంలో చెప్పులు బయట విడిచి, మగవాళ్లొక పక్క ఆడవాళ్లొక పక్క చాపలమీదే కూర్చోవాలి. హైదరాబాదులో మీ చర్చిలో బెంచీలున్నాయి కాబట్టి బిగుతు ప్యాంటుతో గంటన్నర గడిచిపోతుంది. ఇక్కడ బాసింపట్టు వేసుక్కూర్చుని, ప్రార్థనకు మోకాళ్లూని, పాటకు లేచి నిలబడి, మళ్లీ కూర్చోవాలంటే కుట్టు పిగిలిందో లేదో చూసుకోవడంతోనే ఆరాధన అయిపోతుంది. మోకాలిపైకి వచ్చే గౌను వేసుకున్న పిల్ల పాట పాడటం మానేసి గౌను కిందికి లాగుకుంటూ ఉండటం నేను ఏటా చూస్తున్నాను. ఆ పిల్ల తప్పేమీ లేదు, కొలత తీసినవాడు నిలబెట్టి కొలిచాడు గాని కూర్చోబెట్టి చూడలేదు.

ఇక తెల్లచీర సంగతి. పెద్దమ్మాయీ, ఇది నీకోసం కొంచెం విస్తరించి రాస్తున్నాను. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలుండే ఆగమన కాలంలో సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం), లూథరన్, కథోలిక చర్చిలలో బల్లమీద పరిచే గుడ్డ, పాస్టరుగారి మెడలోని పట్టీ ఊదారంగులో ఉండటం నువ్వు చూసే ఉంటావు. క్రిస్మస్ రాగానే అవి తెలుపుకు మారతాయి. ఆ తెలుపే మన ఆడవాళ్ల చీరలమీదికీ వచ్చింది. అయితే మన తెలుగునేలమీద తెల్లచీరకు ఇంకో అర్థం ఉంది. భర్త పోయిన మనిషి కట్టుకునే చీర అది. మీ అమ్మమ్మ పెళ్లికి తెల్లచీర అనగానే పక్కవీధి పెద్దావిడ ఒకరు ‘శుభమా అని పెళ్లి చేస్తూ అదేం రంగు తల్లీ’ అని నొచ్చుకున్నారు. ఆవిడ మాటలో చెడ్డతనం లేదు, ఆవిడ కళ్లకు అలవాటైన అర్థం అది. అప్పుడు మా అమ్మ చేసిన పనేమిటంటే, మంగళగిరి వెళ్లి వెడల్పాటి జరీ అంచున్న మీగడరంగు నేతచీర తెచ్చింది. తెలుపూ తెలుపే, జరీ మెరుపు వల్ల శుభమూ శుభమే. ఈ ప్రాంతపు క్రైస్తవ కుటుంబాలలో తెల్లచీరకు జరీ అంచు తప్పనిసరి అయిపోవడానికి ఇలాంటి ఇరుగుపొరుగు మాటలే కారణమని నేను అనుకుంటాను.

మంగళగిరి నేతలో చీర ఒళ్లంతా సాదాగా ఉండి అందమంతా అంచులోనే ఉంటుంది కాబట్టి నీ వయసుకు అదే బాగుంటుంది. ఇంకా పలచన కావాలంటే వెంకటగిరి ఉంది, బుటాలు కావాలంటే ఉప్పాడ జాందానీ ఉంది. ఉప్పాడ ధర వింటే మీ నాన్న కుర్చీలోంచి లేస్తాడు. ఏది కొన్నా ఒక్క జాగ్రత్త తీసుకో. తెలుపు ఒకటే రంగు కాదు. మిల్లు గుడ్డకు మెరుపు మందు పెడతారు గనుక అది నీలిఛాయ కొడుతుంది. మగ్గంమీది నూలుకు సహజంగా కొంచెం పసుపుఛాయ ఉంటుంది. దుకాణంలో ట్యూబులైటు కింద రెండూ ఒకటే అనిపించి జాకెట్టుగుడ్డ చింపించేస్తారు, తీరా చర్చి ముందు ఎండలో నిలబడితే చీర మాసినట్టూ జాకెట్టు నీలం పెట్టినట్టూ వేరుపడిపోతాయి. చీర చేత్తో పట్టుకుని దుకాణం గుమ్మం బయటికి వచ్చి, పగటి వెలుగులో పక్కపక్కన పెట్టి చూసుకో. దుకాణంవాడు విసుక్కుంటే విసుక్కోనీ.

తెల్లజాకెట్టు విషయంలో నాకు జన్మకు సరిపడా పాఠం ఒకటి జరిగింది. పని నేర్చుకుని సొంతంగా కొట్టు పెట్టుకున్న రెండో ఏట, ఒక చర్చి క్వయర్ ఆడపిల్లలకు పద్నాలుగు తెల్లజాకెట్లు కుట్టే పని ఒప్పుకున్నాను. లైనింగ్ గుడ్డను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టాలని నా గురువు నెత్తినోరు మొత్తుకుని చెప్పాడు. డిసెంబరు ఇరవై రెండు దాటిపోయింది, మబ్బు పట్టి ఎండలేదు, ఎవరు చూడొచ్చారులే అని నానబెట్టకుండానే కోసేశాను. క్రిస్మస్‌నాడు జాకెట్లు దివ్యంగా ఉన్నాయి. ఆ తరువాత అవి ఉతుక్కుని, కొత్త సంవత్సరం ప్రార్థనకు వేసుకునేసరికి లోపలి లైనింగ్ ముడుచుకుపోయి పైగుడ్డ అంతా బుడగలు బుడగలుగా లేచింది. పద్నాలుగు మందీ ఒకే వరసలో నిలబడితే పద్నాలుగు వీపులమీద నా బద్ధకం అందరికీ కనబడింది. సంక్రాంతి పని పక్కన పెట్టి ఆ జాకెట్లన్నీ విప్పి, కొత్త లైనింగ్ నా డబ్బుతో కొని మళ్లీ కుట్టాను. కాబట్టి మీ ఊళ్లో ఏ టైలరుకిచ్చినా ముందుగా ‘లైనింగ్ నానబెట్టారా’ అని అడగండి. వాళ్ల ముఖంలోనే జవాబు తెలిసిపోతుంది. ఇంకొకటి, తెల్లగుడ్డ కింద తెల్ల లైనింగ్ పైకి గీతగా తెలుస్తుంది. ఒంటిరంగుకు దగ్గరగా ఉండే లేత గోధుమరంగు వేస్తే తెలియదు.

చిన్నమ్మాయీ, నీ ఎర్రగౌనుకు నేను అడ్డు చెప్పను. కాకపోతే కుట్టించే ముందు తెల్ల చేతిరుమాలు తడిపి ఆ ఎర్రగుడ్డమీద గట్టిగా రుద్ది చూడు. రుమాలుకు రంగు అంటితే, అక్క తెల్లచీర పక్కన కూర్చుని చెమట పట్టినప్పుడు ఏం జరుగుతుందో నేను వేరే చెప్పనక్కరలేదు. ఆ గౌనుకు మెడపట్టీ కొనవద్దు. మీ అమ్మ చిన్నప్పటి నరసాపురం లేసు కాలరు నా ట్రంకుపెట్టెలో ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల వల్ల గోదావరి ఒడ్డు ఆడవాళ్లకు అబ్బిన విద్య అది. కొక్కెం సూదీ దారమూ తప్ప ఇంకే సరంజామా లేకుండా ఇంటి అరుగుమీద కూర్చుని అల్లుతారు, ఇన్నేళ్లకు 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ కాలరును నేను మిషనుమీద కుట్టకుండా చేత్తో పైకుట్టు వేశాను, అందువల్ల ఏటా విప్పి కొత్త గౌనుకు మార్చడం కుదిరింది. మీ అమ్మ గౌనులు మూడు మారాయి, కాలరు ఒక్కటే.

ఎదిగే పిల్లలకు గౌను అంచు లోపలికి మూడు అంగుళాలు మడిచి కుట్టమని మా గురువు చెప్పేవాడు. మరుసటి ఏడు ఆ మడత విప్పితే పొడవు పెరుగుతుంది. విప్పినచోట పాత మడత గీత మాత్రం ఎంత ఇస్త్రీ చేసినా పోదు, బట్ట పాతదని పదిమందికీ చాటుతుంది. ఆ గీతమీద సన్నని లేసో రిబ్బనో వేసి కుట్టేవాడిని. గీత దాచడానికే వేశానని తెలియని మేష్టరుగారి భార్య ఒకరు, వాళ్ల అమ్మాయి కొత్తగౌనుకు కూడా ‘అదే ఫ్యాషన్’ కావాలని అడిగి వేయించుకున్నారు. ఫ్యాషన్లు ఎలా పుడతాయో నాకు ఆ రోజు తెలిసింది.

అబ్బాయీ, నీ స్వెట్టరు దగ్గరికి వస్తున్నాను. మంచుపడే దేశాల చలికి పుట్టిన వేషం అది, క్రిస్మస్ తాత ఎర్రకోటు లాగానే. నిజానికి ఆ తాతకు మూలమని చెప్పే సెయింట్ నికోలస్ నాలుగో శతాబ్దంలో మైరా పట్టణపు బిషప్పు. ఆ ఊరు ఇప్పటి టర్కీలో ఉంది. బొద్దుపొట్ట, తెల్లగడ్డం, బొచ్చుకోటు రూపాన్ని 1863 నుంచి అమెరికా పత్రికలలో థామస్ నాస్ట్ గీసిన బొమ్మలు అలవాటు చేస్తే, 1931 నుంచి వచ్చిన కోకాకోలా ప్రకటనలు దాన్ని ప్రపంచమంతా తిప్పాయి. మన ఊళ్లో క్యారల్స్‌కు దూది గడ్డం అంటించుకుని, పొట్టకు తలగడ కట్టుకుని ఎగిరే కుర్రవాడు ప్రతి ఇంటి దగ్గరా మంచినీళ్లు అడుగుతాడు, వాడికి తెలుసు ఆ కోటు ఈ నేలకు ఎంత బరువో. నీ స్వెట్టరు రాత్రి క్యారల్స్‌కు వేసుకో, బాగుంటుంది. కిక్కిరిసిన మందిరంలోకి మాత్రం వద్దు. ఉదయానికి పొందూరు ఖద్దరు లాల్చీ ఒకటి కుట్టించుకో. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి వడికిన నూలు అది, మెత్తగా ఉంటుంది, చెమట పీలుస్తుంది. రెడీమేడ్ చొక్కానే కొనదలచుకుంటే ఒక్క భుజం చూసుకో: భుజం కుట్టు సరిగ్గా భుజపు ఎముక చివర నిలవాలి. పొడవు తగ్గించవచ్చు, నడుము బిగించవచ్చు, చేతులు కురచ చేయవచ్చు, భుజం జారితే దాన్ని సరిచేయడం కన్నా కొత్తది కుట్టడం సులువు.

ధర గురించి ఒక్క మాట రాసి ఆపుతాను. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో, బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచిచోటు చూపించి మాసినబట్టల వాడిని నిలబెట్టే సంఘాన్ని ఎలా నిలదీశారో మీరు సండే స్కూల్లో చదువుకున్నారు. మా దుకాణంలో కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలు నేను పారేయలేదు. రంగులు కలిపి జేబులు, పట్టీలు, చిన్నపిల్లల గౌన్లు చేసేవాడిని, ఎవరి పిల్లలకిచ్చానో మాత్రం బయట చెప్పేవాడిని కాదు. మీరు మీ కొత్తబట్టల ఫోటోలు పెట్టేటప్పుడు కొన్న దుకాణం పేరూ ధరా రాయకుండా ఉంటే నాకు సంతోషం.

ఇప్పుడు అసలు పని. మీ ముగ్గురివీ నేనే కుడతాను, వాదన చాలించండి. డిసెంబరు 5 లోపల గుడ్డలు కొరియరులో పంపండి, లైనింగ్ వేరుగా పెట్టండి. పెద్దమ్మాయి కొలతకోసం ఆది జాకెట్టు పంపాలి; అది అలమరలో కొత్తగా మెరుస్తున్నది కాదు, రోజూ వేసుకునేది, చేతులెత్తితే చంక దగ్గర పట్టనిది అయ్యుండాలి. ఎక్కడైనా బిగుతుగా ఉంటే ఆ చోట సుద్దతో గుర్తు పెట్టు, నోటితో చెబితే నాకు గుర్తుండదు. చిన్నమ్మాయి భుజం నుంచి మోకాలి కింది వరకు టేపుతో కొలిపించుకుని, నేలమీద కూర్చుని మరోసారి కొలిపించుకుని, రెండు లెక్కలూ రాసి పంపాలి. అబ్బాయి తనకు సరిపోయే పాత చొక్కా ఒకటి, అది ఉతికి, పంపాలి.

మిషనుకు మీ అమ్మమ్మ ఇప్పటికే నూనె వేయించింది. నా కళ్లకు సన్నసూది బెజ్జం ఆనడం లేదు, దారం ఎక్కించడానికి పక్కన ఒకరు కూర్చోవాలి. అందుకని సెలవులు ఇవ్వగానే బయలుదేరి 20వ తేదీకల్లా వచ్చేయండి.

మీ
తాతయ్య