గుమ్మడి పిందె ఎందుకు నిలవదు?

"పాదు పచ్చగా ఉంది, పూలు విరగబూస్తున్నాయి. పిందెలు మాత్రం వేలెడంత కాగానే పసుపు తిరిగి, ముడుచుకుని రాలిపోతున్నాయి. ఏ మందు కొట్టమంటారు?" గుమ్మడి పెంచేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. వేలెత్తి చూపిస్తే పిందె కుళ్ళిపోతుందనే నమ్మకం కూడా ఈ వింత చూసే పుట్టి ఉంటుంది.

ఆకులు బాగుండి పిందె ఒక్కటే పోతుంటే మందు డబ్బా జోలికి వెళ్ళకండి. చాలాసార్లు అది నిజం పిందె కాదు. ఆడపువ్వు రేకుల కింద ఉండే అండాశయం, పువ్వు విచ్చకముందే బుల్లి కాయలా కనిపిస్తుంది. కాయ కాసేసిందని మనం మురిసిపోతాం. పుప్పొడి అందకపోతే మొక్క దాన్ని వదిలించుకుంటుంది. పాఠంలో పువ్వు బొమ్మ అంటే ఆడా మగా భాగాలు రెండూ ఒకే పువ్వులో గీయిస్తారు, ఆడపూలు, మగపూలు వేరువేరుగా పూసే గుమ్మడి సంగతి ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. అందుకే ఈ తికమక.

పుప్పొడి అందలేదని మొక్కకు ఎలా తెలుస్తుంది? నాకు మహా ఇష్టమైన భాగం ఇది. ఆడపువ్వు మధ్యలో పుప్పొడిని పట్టుకునే భాగం కీలాగ్రం. దాని మీద పడ్డ ఒక్కో పుప్పొడి రేణువూ సన్నటి గొట్టంలా మొలిచి, లోపలికి దిగి ఒక్కో అండాన్ని చేరుతుంది. గింజగా మారుతున్న అండం ఆక్సిన్ అనే హార్మోన్ తయారుచేస్తుంది. అది కాడ గుండా పారుతున్నంతసేపూ తొడిమ దగ్గరి కణాలు ఇథిలీన్ (కాయను రాల్చే వాయు హార్మోన్) మాట వినవు. ప్రవాహం ఆగిందా, ఇథిలీన్ పని మొదలుపెడుతుంది: ఎంజైములు కణాల మధ్య అతుకును కరిగిస్తాయి, పిందె రాలుతుంది.

1950లో జె.పి. నిచ్ అనే శాస్త్రవేత్త స్ట్రాబెర్రీ పైనున్న గింజల్లాంటివన్నీ గిల్లేస్తే పండు ఎదగడం ఆగిపోయింది. వాటి బదులు ఆక్సిన్ పూస్తే మళ్ళీ ఎదిగింది. కొన్నింటిని ఉంచితే అవి ఉన్నచోట మాత్రమే ఉబ్బింది! మీ కాయ ఒకవైపు లావుగా, ఇంకోవైపు సన్నగా వంకర పోయిందా? కోసి చూడండి, సన్నటి వైపు గింజలు సరిగా కట్టి ఉండవు. గుమ్మడిలో గింజలు వందల్లో ఉంటాయి కాబట్టి నాలుగు రేణువులు పడితే సరిపోదు.

పైగా ఈ పుప్పొడి బరువైనది, జిగురుది, గాలికి ఎగరదు. తేనెటీగ మోయాల్సిందే. పువ్వేమో ఒక్క ఉదయమే తెరిచి ఉంటుంది. ఆ పూట ముసురు పట్టినా, ఎవరైనా పురుగుమందు కొట్టినా అంతే సంగతులు. తీగకు మొదట మగపూలే వస్తాయి, ఎండ మండితే వాటి సంఖ్య ఇంకా పెరుగుతుంది. ఆ రోజుల్లో ఓపిక పట్టడమే వైద్యం.

తేనెటీగలు రాకపోతే ఆ పని మీరే చేయండి. తెల్లవారగానే అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రేకులు తీసేసి, మధ్యలోని పుప్పొడి కాడను ఆడపువ్వు కీలాగ్రానికి అద్దండి. దానికి మూడు తమ్మెలుంటాయి, మూడింటికీ తగలాలి. ఒక్కదానికే అద్దితే వంకర కాయ వచ్చే వీలుంది.

 

చేత్తో అద్దిన పిందె మూడు నాలుగు రోజుల్లో లావెక్కడం తెలుస్తుంది. లావెక్కాక కూడా కుళ్ళితే అడ్డంగా కోయండి. పురుగులు కనిపిస్తే పండు ఈగ పని. పురుగు లేకుండా కాయ కొన మాత్రమే నల్లబడితే కాల్షియం అక్కడిదాకా చేరలేదన్నమాట. ఒకరోజు ముంచెత్తి మూడురోజులు ఎండగట్టకుండా నీళ్ళు సమంగా పెట్టండి. రాలినవి పక్కన ఉండగానే మిగతా కాయలు బాగా ఊరుతుంటే కంగారు వద్దు, మోయలేని బరువును తీగ తనే దించుకుంటోంది.