ఏబీఎన్ మీద పనిచేసేవారికి లాంగ్ సర్వీస్ లీవ్ ఉండదా? అపోహలు - వాస్తవాలు

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఇళ్ల నిర్మాణంలో పనిచేసే సబ్‌కాంట్రాక్టర్లకు నేను లెక్కలు రాస్తాను. టైల్స్ వేసేవారు, పెయింటర్లు, ప్లాస్టర్ పనివారు, ఎలక్ట్రీషియన్లు నా దగ్గరికి వస్తారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. చదువుకోవడానికి వచ్చి, శని ఆదివారాల్లో ఏదో సైటులో సాయం పట్టి, ఆ పని చేతికి అలవాటై, చివరికి సొంతంగా ఏబీఎన్ (ఆస్ట్రేలియాలో సొంత వ్యాపారం చేసేవారికి ప్రభుత్వం ఇచ్చే నమోదు సంఖ్య) తీసుకుని వ్యాను కొనుక్కున్నవారు.

జూన్ 30న ఆర్థిక సంవత్సరం ముగిశాక, పన్ను లెక్కల కోసం వచ్చిన ప్రతి ఒక్కరినీ నేను అడిగే ప్రశ్న ఒకటుంది: ఈ ఏడాది ఎన్ని రోజులు సెలవు తీసుకున్నారు? ఎక్కువమంది చెప్పే జవాబు, వాన పడిన రోజులే సెలవులని. పదేళ్లు వంగి టైల్స్ వేసిన మనిషి మోకాళ్లు ఎలా ఉంటాయో వారి భార్యలను అడిగితే తెలుస్తుంది. అందుకే లాంగ్ సర్వీస్ లీవ్ గురించి, అంటే ఏళ్ల తరబడి పనిచేసినవారికి డబ్బుతో సహా దక్కే సుదీర్ఘ సెలవు గురించి రాస్తున్నాను. విన్న మాటలనే నమ్మి, తమకు దక్కవలసిన కాలాన్ని పోగొట్టుకుంటున్నవారిని చాలామందిని చూశాను.

ముందుగా ఈ సెలవు ఎక్కడిదో చెప్పాలి. 1862లో విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా వలస ప్రభుత్వాలు తమ ఉద్యోగులకు దీర్ఘకాల సెలవు ఇచ్చాయి. ఏళ్ల తరబడి పనిచేసిన ఉద్యోగి ఓడెక్కి బ్రిటన్‌లోని సొంతవారిని చూసి రావాలంటే నెలలు పట్టేది కాబట్టి ఆ ఏర్పాటు. ప్రైవేటు రంగంలో చట్టం వచ్చింది 1951లో, న్యూసౌత్‌వేల్స్‌లో. అంటే ఇది పుట్టిందే ఇంటికి వెళ్లి రావడానికి. అమ్మానాన్నలను కృష్ణా జిల్లాలోనో కరీంనగర్‌లోనో వదిలి వచ్చిన మనకు ఇంతకంటే దగ్గరి సంగతి ఏముంటుంది?

నిర్మాణ రంగంలో ఎవరూ ఒకే యజమాని దగ్గర పదేళ్లు ఉండరు. ఒక భవనం పూర్తయితే మరో సైటుకు వెళ్లిపోతారు. అందువల్ల ఈ రంగానికి విడిగా నిధులు ఏర్పడ్డాయి. యజమాని మారినా కార్మికుడి సర్వీసు అతని పేరునే నమోదవుతుంది. విక్టోరియాలో ఈ పని చేసే సంస్థ పేరు లీవ్‌ప్లస్. కొన్నేళ్ల కిందటి వరకు దీన్నే కోఇన్వెస్ట్ అనేవారు.

అపోహ: ఏబీఎన్ మీద పనిచేస్తే లాంగ్ సర్వీస్ లీవ్ ఊసే ఉండదు.

ఇది కొన్నిచోట్ల నిజం, కొన్నిచోట్ల పూర్తిగా అబద్ధం. విక్టోరియాలో సొంతంగా పనిచేసే సబ్‌కాంట్రాక్టర్ తన పేరున తానే లీవ్‌ప్లస్‌లో చందా కట్టుకోవచ్చు. ఎవరి బలవంతమూ లేదు. ఇష్టమైతే చేరాలి, లేకపోతే లేదు. దక్షిణ ఆస్ట్రేలియాలోనూ సొంతంగా పనిచేసే కాంట్రాక్టర్లు స్వచ్ఛందంగా కట్టుకునే ఏర్పాటు ఉంది.

న్యూసౌత్‌వేల్స్ పద్ధతి వేరు. అక్కడ అర్హత ఉన్న సబ్‌కాంట్రాక్టర్ జేబులోంచి డాలరు కూడా పెట్టనక్కరలేదు. 2,50,000 డాలర్లు, అంతకు మించిన నిర్మాణాల విలువపై 0.25 శాతం లెవీ వసూలు చేసి, ఆ డబ్బుతోనే నిధిని నడుపుతారు. 2023 జనవరి నుంచి ఈ రేటు అమల్లో ఉంది. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులకు నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు వెళ్తుంది కదా, ఇదీ ఆ పోలికలోనిదే. అక్కడ ఆ డబ్బు ప్రమాద సాయం, ప్రసూతి సాయం వంటివాటికి ఖర్చవుతుంది, ఇక్కడ సెలవుకు. క్వీన్స్‌లాండ్‌లో క్యూలీవ్ అనే సంస్థ కూడా లెవీ మీదే నడుస్తుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో మాత్రం మైలీవ్ పథకం ఉద్యోగులకే, సొంతంగా పనిచేసేవారికి చోటు లేదు. కాబట్టి సిడ్నీలోని బావగారు చెప్పిన మాట మెల్‌బోర్న్‌లో పనికిరాదు, పెర్త్‌లో అసలే పనికిరాదు.

అపోహ: నాకు ఏబీఎన్ ఉంది కాబట్టి నేను సబ్‌కాంట్రాక్టర్‌నే.

ఈ ఒక్క అపోహ వల్ల జరిగే నష్టం మిగిలినవాటన్నిటికంటే పెద్దది. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

ఏబీఎన్ అనేది ఒక సంఖ్య, అంతే. అది ఉన్నంత మాత్రాన మనిషి వ్యాపారి అయిపోడు. మీరు రోజూ ఒకే బిల్డర్ దగ్గరికి వెళ్తున్నారా? పొద్దున ఏడింటికి రమ్మంటే ఏడింటికే వెళ్లాలా? పనిముట్లు వారివేనా? మీ బదులు మరొకరిని పంపకుండా మీరే వెళ్లాలా? గంటకింత అని లెక్కగట్టి ఇస్తున్నారా? వీటిలో చాలావాటికి అవునని జవాబు వస్తే, మీ ఇన్‌వాయిస్ మీద ఏం రాసి ఉన్నా, చట్టం దృష్టిలో మీరు ఉద్యోగే కావచ్చు. 2024 ఆగస్టు 26 నుంచి ఆస్ట్రేలియా కార్మిక చట్టమైన ఫెయిర్ వర్క్ చట్టంలో ఉద్యోగి అంటే ఎవరన్న నిర్వచనం మారింది. కాగితం మీద రాసుకున్న మాటలతో సరిపెట్టకుండా, ఆ సంబంధం నిజానికి ఎలా నడుస్తోందో చూడాలని చట్టమే చెబుతోంది. ఉద్యోగిని కాంట్రాక్టర్‌గా తప్పుగా చూపించడం అదే చట్టం కింద నేరుగా నిషిద్ధం.

దీనికీ సెలవుకూ సంబంధం ఏమిటంటే, మీరు నిజంగా ఉద్యోగి అయితే విక్టోరియాలో చందా కట్టవలసింది యజమాని. మీ మామూలు జీతం మీద 2.7 శాతం ఆయన లీవ్‌ప్లస్‌కు కట్టాలి. అది తెలియక మీరు స్వచ్ఛందంగా చేరి కడుతున్నారంటే, ఆయన బాధ్యతను మీ జేబులోంచి మోస్తున్నట్టు. సూపర్ (సూపర్‌యాన్యుయేషన్, అంటే పదవీ విరమణ కోసం దాచే నిధి) కూడా అంతే. కంపెనీ పేరుతో కాకుండా వ్యక్తిగా, ప్రధానంగా మీ శ్రమ కోసమే కాంట్రాక్టు ఉంటే, ఏబీఎన్ ఉన్నా సరే పని ఇచ్చినవారు సూపర్ కట్టాలి. 2025 జూలై నుంచి అది 12 శాతం. ఈ రెండూ తేలిన తర్వాతే స్వచ్ఛంద చందా ఫారం మీద సంతకం పెట్టండని నా దగ్గరికి వచ్చినవారికి చెబుతాను.

అపోహ: నేను కట్టినా ఉద్యోగులకు వచ్చినంతే వస్తుంది.

రాదు. ఈ తేడా తెలుసుకునే చేరాలి.

విక్టోరియాలో నిర్మాణ రంగ ఉద్యోగికి పదేళ్ల సర్వీసుకు 13 వారాల సెలవు లెక్క. ఏడేళ్లు నిండినప్పుడే ఆ నిష్పత్తిలో తీసుకోవచ్చు. సెలవు తీసుకునే నాటి జీతం ప్రకారం డబ్బు వస్తుంది. పదేళ్ల కిందట చేరినప్పుడు తక్కువ జీతమే అయినా ఇప్పటి రేటే ఇస్తారు. స్వచ్ఛందంగా కట్టే సబ్‌కాంట్రాక్టర్‌కు వచ్చేది తాను కట్టిన చందా, దాని మీద చేరిన వడ్డీ. అంతే.

ఒక చిన్న లెక్క వేద్దాం. మీ శ్రమకు వారానికి 1,500 డాలర్లు అనుకోండి. ఉద్యోగుల మాదిరి 2.7 శాతం పక్కన పెడితే వారానికి 40 డాలర్ల 50 సెంట్లు. ఏడాదికి 2,106. పదేళ్లకు వడ్డీ కాకుండా 21,060. అదే 1,500 చొప్పున 13 వారాలకు కావలసింది 19,500. చూడటానికి సరిపోయింది. కానీ పదో ఏటికి మీ సంపాదన వారానికి 2,200 అయి, చందా మాత్రం మొదటి రోజు పెట్టిన దగ్గరే ఆగిపోతే, ఆ 21,060 పదివారాలకు కూడా చాలదు. రేటు పెంచుకున్న ప్రతిసారీ చందా కూడా పెంచమని నేను పోరుపెట్టేది అందుకే.

మరో మాట. చందాను ఇన్‌వాయిస్ మొత్తం మీద లెక్కవేయకండి. అందులో టైల్స్, జిగురు, గ్రౌట్ ఖరీదు ఉంటుంది. పది శాతం జీఎస్టీ మీది కానే కాదు. శ్రమకు వచ్చింది ఎంతో విడదీసి, దాని మీద లెక్కకట్టండి.

అపోహ: సూపర్ ఉంది కదా, ఇది దండగ.

సూపర్‌లో వేసిన డబ్బు సాధారణంగా అరవై ఏళ్లు వచ్చేవరకు తీయలేరు. నలభై రెండేళ్లకు నడుము పట్టేస్తే, ఊళ్లో నాన్న ఆసుపత్రిలో ఉంటే అది అక్కరకు రాదు. లాంగ్ సర్వీస్ లీవ్ నడివయసులో చేతికొచ్చే కాలం. రెండూ వేర్వేరు అవసరాలకు. అయితే క్రెడిట్ కార్డు అప్పు నెత్తిన ఉన్నవారిని నేను చందా కట్టమనను. ముందు ఆ అప్పు తీరాలి.

అపోహ: బిల్డర్ దివాలా తీస్తే ఈ డబ్బూ పోతుంది.

2023 మార్చి చివర పోర్టర్ డేవిస్ హోమ్స్ మూతపడినప్పుడు ఈ భయం చాలామందిలో చూశాను. రావలసిన బిల్లులు ఆగిపోయిన సబ్‌కాంట్రాక్టర్ల బాధ నిజం. సంస్థ కూలినప్పుడు జీతాల బకాయిలు ఆదుకునే ప్రభుత్వ పథకం కూడా ఉద్యోగులకే వర్తిస్తుంది, కాంట్రాక్టర్లకు కాదు. కానీ మీ పేరున లీవ్‌ప్లస్‌లో ఉన్నది బిల్డర్ డబ్బు కాదు, ఆయన ఖాతాలోనూ లేదు. ఆయన అప్పులవాళ్లు దాన్ని తాకలేరు.

అపోహ: ఇప్పుడు తీరిక లేదు, తర్వాత పాతవన్నీ కలిపి కట్టేయవచ్చు.

కట్టని కాలం మీ ఖాతాలో ఉండదు. జరిమానా లేదు కాబట్టి నష్టం లేదనుకోవద్దు, ఆ సర్వీసే నష్టం. న్యూసౌత్‌వేల్స్‌లో చందా లేకపోయినా, పనిచేసిన రోజులు ఏటా మీరే నివేదించాలి. 220 రోజులకు ఒక ఏడాది, 2,200 రోజులకు పదేళ్లు, అప్పుడు 8.67 వారాల చెల్లింపు. నివేదించని రోజు లెక్కలోకి రాదు. ఐదేళ్ల కంటే తక్కువ సర్వీసు ఉండి, వరుసగా నాలుగేళ్లు ఏమీ నమోదు కాకపోతే అక్కడ పేరు తొలగించే వీలుంది.

అపోహ: ఉద్యోగం మానేసి సొంతంగా మొదలుపెట్టాను, పాత సర్వీసు పోయినట్టే.

నా దగ్గరికి వచ్చే ఒక టైల్స్ పనివారి సంగతి చెబుతాను. ఖమ్మం వైపు మనిషి. ఏబీఎన్ తీసుకోకముందు ఒక కంపెనీలో ఐదేళ్లు ఉద్యోగం చేశారు. ఆ కాలంలో యజమాని చందా కట్టినట్టు ఈయనకు తెలియదు. ఏటా వచ్చే వివరాల పత్రం ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె ఇంటికి వెళ్తూ ఉంది. ఒకరోజు లెక్కలు చూస్తూ, పాత పే స్లిప్పు మీద చిన్న అక్షరాల్లో సభ్యత్వ సంఖ్య నా కంట పడింది. ఫోను చేస్తే ఐదేళ్ల సర్వీసు ఆయన పేరున భద్రంగా ఉంది. కాసేపు ఆయన ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి మాట, ఎన్ని వారాలు వస్తుంది అని. ఎన్ని డాలర్లు అని కాదు. ఆ వారమే చిరునామా మార్పించి, సబ్‌కాంట్రాక్టర్‌గా చందా మొదలుపెట్టారు.

మీరూ ఎప్పుడైనా ఉద్యోగిగా ఒక్క ఏడాది పనిచేసి ఉన్నా, ముందు పాత పే స్లిప్పులు వెతకండి. సంఖ్య దొరక్కపోతే పూర్తి పేరు, పుట్టినతేదీ, పాత చిరునామా, ఆ కంపెనీ పేరు దగ్గర పెట్టుకుని నిధి కార్యాలయానికి ఫోను చేయండి. మన పేర్లలో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక పడుతుంది. ఒకే మనిషికి రెండు ఖాతాలు ఏర్పడడం నేను చూశాను. రెండు విధాలా వెతకమని అడగండి. రాష్ట్రం మారే ఆలోచన ఉంటే, ఉద్యోగిగా చేసిన సర్వీసు ఎంత, సొంతంగా కట్టిన కాలం ఎంత అన్నది విడివిడిగా రాయించుకోండి. ఉద్యోగుల సర్వీసును రాష్ట్రాలు పరస్పరం గుర్తించుకునే ఒప్పందం ఉంది. సొంతంగా కట్టిన కాలం కొత్త రాష్ట్రంలో చెల్లుతుందో లేదో సామాను సర్దకముందే అడిగి, జవాబును ఈమెయిల్‌లో తీసుకోండి.