కృప, మారుమనస్సు: మన లూథరన్ సంఘాల్లో తరచూ వినిపించే అపోహలు

లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చి ఇన్ని తరాలైనా, ఈస్టరుకు ముందు శ్రమదినాలు మొదలయ్యాయంటే ఈ మాటలు మళ్లీ వినపడతాయి. పాస్టరుగా నన్ను ఎక్కువగా బాధపెట్టేది మొదటిది.

అపోహ: బాగా ఏడ్చి పశ్చాత్తాపపడితేనే దేవుడు క్షమిస్తాడు.

వాస్తవం: ప్రభురాత్రి భోజనం ఇచ్చే ఆదివారం ఒక పెద్దావిడ వెనక బెంచీలోనే ఉండిపోయారు. అడిగితే, “కోడలితో గొడవపడ్డానయ్యగారూ, తప్పు నాదే. కానీ కన్నీళ్లే రావట్లేదు. బల్ల దగ్గరికి ఏ మొహంతో రాను?” అన్నారు. తప్పు నాదే అన్నారు చూడండి, పశ్చాత్తాపం అక్కడే ఉంది. లూథరన్లు ఏం నమ్ముతారో చెప్పే 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం మారుమనస్సుకు రెండు భాగాలు చెబుతుంది: పాపం తెలిసొచ్చి మనస్సాక్షి భయపడడం, క్రీస్తు నిమిత్తం క్షమాపణ దొరికిందని నమ్మడం. రెండోది వదిలేసి మొదటిదాన్నే కొలుచుకుంటూ కూర్చుంటే చివరికి కన్నీళ్లనే నమ్ముకుంటాం. మన సంఘాలకు ఆ పేరు తెచ్చిన లూథర్ విశ్వాసం నేర్పడానికి రాసిన చిన్న ప్రశ్నోత్తరి, బల్లకు వచ్చేముందు చేసే ఉపవాసాన్ని మంచి క్రమమనే అంటుంది. అయితే బల్లకు యోగ్యులెవరంటే, “మీ కొరకు” అన్న ప్రభువు మాటను నమ్మినవాళ్లేనని చెబుతుంది. ఆవిడకు ఇదే చెప్పాను. వచ్చి మోకరించారు. కోడలి దగ్గర తప్పు ఒప్పుకోవడం ఇంకా మిగిలే ఉంది. అది క్షమాపణకు కట్టే వెల కాదు, క్షమాపణ పొందినవాళ్లు చేసే పని.

అపోహ: కృప ఉచితమంటే ఎలా బతికినా పర్వాలేదు.

వాస్తవం: 1517లో లూథర్ ఎదిరించింది పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని, మారిన బతుకును కాదు. ఆయన 95 సిద్ధాంతాల్లో మొట్టమొదటిదే, విశ్వాసి బతుకంతా మారుమనస్సుగా ఉండాలని. ఎఫెసీ 2:8, 9 కంఠతా వచ్చినవాళ్లు పదో వచనం కూడా చదవాలి. సత్క్రియలు అక్కడున్నాయి.

అపోహ: క్రీస్తు చేసినదానికి మన మొక్కులు, కానుకలు తోడైతేనే రక్షణ పూర్తవుతుంది.

వాస్తవం: “సమాప్తమైనది” అన్నాడు ప్రభువు. ఇక మనం కలపాల్సింది లేదు. కానుక కృతజ్ఞతతో ఇవ్వండి, లోటు పూడ్చడానికి కాదు.

అపోహ: పాస్టరు దగ్గర పాపం ఒప్పుకోవడం కతోలికుల పద్ధతి, మనకు లేదు.

వాస్తవం: ఉంది. ఆగ్స్‌బర్గ్ ప్రమాణం 11వ అధికరణం దాన్ని నిలిపి ఉంచమంటుంది. ప్రతి పాపాన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదనీ అంటుంది. మనసు బరువెక్కితే ఆరాధన అయ్యాక మీ పాస్టరుగారిని అడగండి. మీరు చెప్పింది ఆయన బయటకు పొక్కనివ్వకూడదు. “నీ పాపములు క్షమింపబడియున్నవి” అన్న మాట మీ చెవులారా వినిపించడం ఆయన బాధ్యత.