గాలికొండ ఎక్కేశాం అనేవాళ్ళతో కాసేపు: అపోహలు – వాస్తవాలు

అపోహ: గాలికొండ మేం చూసేశాం.

మీరు చూసింది గాలికొండ వ్యూపాయింట్. అనంతగిరి నుంచి అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు పక్కన కారు ఆపి, కాఫీ తాగి, ఫోటో దిగి వచ్చే చోటు అది. కొండ అక్కణ్నుంచి ఇంకా పైకి ఉంది. విశాఖ నుంచి చిన్న చిన్న గుంపుల్ని ఏజెన్సీ కొండల్లో నడిపిస్తుంటాను. వర్షాలు తగ్గగానే ఫోన్లు మొదలవుతాయి, అందరూ అవే ప్రశ్నలు అడుగుతారు. ఆ జవాబులే ఇవి.

అపోహ: తూర్పు కనుమల్లో ఎత్తైనది మహేంద్రగిరి. మిగతావన్నీ గుట్టలే.

స్కూల్లో మేమూ అలాగే చదువుకున్నాం. ఒడిశాలోని మహేంద్రగిరి 1,501 మీటర్లు. మన అల్లూరి సీతారామరాజు జిల్లాలో అర్మకొండ 1,680, ఒడిశాలోనే కోరాపుట్ వైపు దేవమాలి 1,672. గాలికొండ కూడా అయిదు వేల అడుగుల పైమాటే. అయితే నడిచేవాడికి ఈ అంకెలతో పెద్దగా పని లేదు. అరకు ఊరే 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఆ మేరకు బస్సే ఎక్కించేస్తుంది. కాళ్ళకి తెలిసే లెక్క వేరు: ఒక శిఖరం నుంచి పక్క శిఖరానికి పోవాలంటే మధ్యలో ఎంత దిగాలి, మళ్ళీ ఎంత ఎక్కాలి? కనుమ అంటే అసలు అర్థం అదే, రెండు కొండల మధ్య పల్లపు దారి. పెద్ద శిఖరం మీద నిలబడి "అదిగో పక్కదే కదా, అరగంటలో వెళ్ళొచ్చేద్దాం" అనేవాళ్ళు ప్రతి గుంపులో ఒకరుంటారు. పైనుంచి చూస్తే కనుమలో పచ్చదనమే కనబడుతుంది. ఆ పచ్చదనం నడుమెత్తు తుప్పలు. ఎవరూ నడవని దారి రెండు వానలకి మూసుకుపోతుంది. అరగంట అనుకున్నది మూడు గంటలైన రోజులు నాకు బాగా గుర్తు.

అపోహ: అంత ఎత్తులో ఊపిరాడదు, కర్పూరం వాసన చూడాలి.

ఎత్తు వల్ల వచ్చే జబ్బు మామూలుగా 2,500 మీటర్లు దాటాకే. ఇక్కడ ఆయాసం వస్తే అది మన పొట్ట వల్ల. కర్పూరం దేవుడికి ఇచ్చేయండి.

అపోహ: దారి తప్పితే వాగు పట్టుకుని దిగితే చాలు, ఊరొస్తుంది.

మైదానంలో పెరిగినవాళ్ళందరికీ ఉండే నమ్మకం ఇది. నాకూ ఉండేది. ఓసారి సాయంత్రం వెలుగు తగ్గిపోతుంటే కంగారులో నలుగురిని వెంటబెట్టుకుని ఒక గెడ్డలోకి, అంటే కొండవాగులోకి, దిగాను. మొదట్లో హాయిగా ఉంది, ఇసుక, చదును రాళ్ళు. తర్వాత నాచు పట్టిన బండలు. ఆ తర్వాత ముందు చెట్ల తలలు మాత్రమే కనిపించాయి, కింద నేల లేదు, నీళ్ళ చప్పుడు ఉంది. వెనక్కి ఎక్కడానికి దిగినదానికి రెండింతలు సమయం పట్టింది. మర్నాడు కింద ఊళ్ళో ఒక తాతకి చెబితే నవ్వి, "వాగు దూకేస్తాది బాబూ, నువ్వు దూకగలవా?" అన్నాడు.

ఈ కొండల వాలు మెట్లు మెట్లుగా ఉంటుంది. అందుకే చిన్న గెడ్డ కూడా ఎక్కడో ఒకచోట జలపాతమైపోతుంది. దారి తప్పారని తెలిసిన క్షణం ఆగండి. చివరిసారి దారి ఖాయంగా కనిపించిన చోటికి వచ్చిన దారినే వెనక్కి వెళ్ళండి. అది కుదరకపోతే గెడ్డ కంటే గట్టు, అంటే కొండ వెన్ను, మేలు. గట్టు మీద చూపు ఆనుతుంది, పశువులు నడిచిన జాడలూ అక్కడే ఎక్కువ.

అపోహ: సిగ్నల్ లేకపోతే ఫోన్లో జీపీఎస్ పనిచేయదు.

పనిచేస్తుంది. అది ఉపగ్రహాల నుంచి వస్తుంది, టవర్ నుంచి కాదు. మ్యాపు మాత్రం ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఫ్లైట్ మోడ్‌లో పెడితే టవర్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తినేయదు.

అపోహ: పైకి పోయేకొద్దీ చలి, అందుకని కింద లోయలో వాగు పక్కన టెంటు వేసుకుందాం.

పగలైతే నిజమే, కిలోమీటరు ఎత్తుకి ఆరు డిగ్రీలకు పైగా తగ్గుతుంది. శీతాకాలం మబ్బులేని రాత్రి లెక్క తిరగబడుతుంది. నేల వేడి పోగొట్టుకుంటుంది, దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి నీళ్ళలా జారి లోయలో చేరుతుంది. అందుకే పాడేరు దగ్గర వంజంగి కొండ మీద నిలబడితే కింద పొగమంచు పాలసముద్రంలా కనిపిస్తుంది. ఆ సముద్రం అడుగున టెంటు వేసుకున్నవాడు తెల్లారేసరికి తడిసి వణుకుతుంటాడు. వాగు నుంచి కొంచెం వాలు ఎక్కి వేసుకోండి. ఎండెక్కాక ఆ పొగమంచు లేచి శిఖరాన్నే కప్పేయొచ్చు, కాబట్టి ఆలస్యంగా బయల్దేరితే పైన కనిపించేది తెల్లగోడే. లంబసింగిలో మంచు కురిసిందని ప్రతి డిసెంబరులో వచ్చే వార్త గురించి కూడా ఓ మాట. అక్కడ కురవదు, గడ్డి మీద తేమ గడ్డకట్టి తుషారంగా పేరుకుంటుంది. పొగమంచు, తుషారం, హిమాలయాల హిమం, అన్నిటినీ మనం మంచనే అంటాం కాబట్టి వచ్చిన చిక్కు ఇది.

అపోహ: పైన చెట్లు లేవంటే ఎవరో కొట్టేశారు.

వాలుల్లో చెట్లు కొట్టి చేసే పోడు సాగు ఉన్నమాట నిజం. కానీ గాలికొండ, రక్తకొండ లాంటి వాటి నెత్తిన బాక్సైటు (అల్యూమినియం తీసే ఖనిజం) పొర ఉంది. దానిమీద మట్టి పలచన, గడ్డి తప్ప పెద్దగా ఏదీ వేళ్ళూనదు. నడిచేవాళ్ళకి దీనితో రెండు సంగతులు. ఎర్ర గులకరాళ్ళు దిగేటప్పుడు గోళీల్లా జారుతాయి, జారిపడటాలు ఎక్కువ తిరుగుదారిలోనే చూశాను. రెండోది, ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో పిడుగుల వాన వస్తే ఆ బోడినెత్తి మీద అన్నిటికంటే ఎత్తుగా ఉండేది మనమే. ఉరుము వినబడగానే దిగడం మొదలుపెట్టండి, ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు.

అపోహ: ఊట నీళ్ళు మినరల్ వాటర్ కంటే శుభ్రం.

ఊటకి పైన పశువులు మేస్తాయి. కాచుకుని తాగండి.

అపోహ: తిరిగొచ్చేశాక ఇంకేం భయం?

జ్వరం. ఏజెన్సీలో మలేరియా ఉంది. దానికి తోడు స్క్రబ్ టైఫస్, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టడం వల్ల వస్తుంది. ఒకటి రెండు వారాల తర్వాత జ్వరం, తలనొప్పి మొదలవుతాయి. చంకలోనో గజ్జల్లోనో సిగరెట్ కాలినట్టు నల్లటి పెచ్చు ఉండొచ్చు, నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ గమనించరు. త్వరగా పట్టుకుంటే డాక్టరు రాసే మామూలు యాంటీబయాటిక్ మాత్రలతో తగ్గిపోతుంది. అప్పటికి కొండ సంగతి మర్చిపోయి ఉంటారు. అందుకే డాక్టరు దగ్గర కూర్చోగానే ఫలానా తేదీన అరకు కొండల్లో గడ్డిలో నడిచానని ముందు చెప్పండి.